మింబరు మీది ఈతచెట్టు

“ఎన్నో మసీదులకు చెక్కిన సార్. గని ఒక్క మెహరాబు సుత నిలవెట్టి చూసింది లేదు.”

లక్ష్మీరాజం ఈ మాట అన్నప్పుడు అతని కనుబొమ్మల మీద పాలరాతి దుమ్ము తెల్లగా పేరుకొని ఉంది. నాకంటే ముందే ముసలివాడైనట్లు కనిపించాడు. ముఖం కడుక్కొని వచ్చేసరికి, ఒకప్పుడు కోరుట్ల ఉన్నత పాఠశాలలో కిటికీ పక్క బల్ల మీద కూర్చున్న పిల్లవాడి పోలికలు మళ్లీ బయటపడ్డాయి. నేను అతనికి తెలుగు చెప్పాను. పదవీ విరమణ తరువాత జగిత్యాలలో స్థిరపడ్డాను గాని, కోరుట్ల బస్సు కనిపిస్తే ఎక్కి కూర్చోవడం ఇప్పటికీ మానలేదు. అలా ఎక్కిన ఒక పూట, ఊరి మొదట్లో రేకుల కొట్టం ముందు అతణ్ణి చూసి దిగిపోయాను. కొట్టం పక్కన ఉన్న వేపచెట్టు ఆకులు కూడా దుమ్ముతో తెల్లబడి ఉన్నాయి.

మసీదు పడమటి గోడలో, ఇమాం నిలబడి నమాజు చదివించే గూడును మెహరాబు అంటారు. దానికి కుడిపక్కన, శుక్రవారం నాడు ఆయన ఎక్కి ప్రసంగించే మెట్ల పీఠం మింబరు. ఈ రెండు మాటలూ అరబ్బీ నుంచి బయలుదేరి, ఉర్దూ మీదుగా మన దాకా వచ్చి, మన భాష మర్యాదను పాటించి చివర ఒక ఉకారాన్ని తగిలించుకొని కూర్చున్నాయి. హల్లుతో ముగిసిన మాటను తెలుగు నోరు ఊరికే వదిలిపెట్టదు. తరగతిలో దీనికి బస్సు, కోర్టు అని ఉదాహరణలు చెప్పేవాణ్ణి. ఈ రెండూ అప్పుడు తట్టి ఉంటే, ఆ తరగతిలో ఉన్న ముస్లిం పిల్లలకైనా వ్యాకరణం మీద కొంత ప్రీతి కలిగేదేమో. ఆ సంగతి అలా ఉంచుదాం.

లక్ష్మీరాజం వాళ్లది రాయికల్ దగ్గరి పల్లె. తాతతండ్రులు కల్లు గీసినవారు. అతడు నడుముకు చెట్టెక్కే మోకు కట్టలేదు. పదో తరగతి కాగానే బంధువుల వెంట షార్జా వెళ్లి, రాతి పని చేసే కార్ఖానాలో చేరాడు. అక్కడ మసీదులకు కావలసిన పాలరాతి పని జరిగేది. మొదట రాళ్లు మోసి, తరువాత సాన పట్టి, చివరకు ఉలి పట్టాడు. అయితే అక్కడ ఎవరి ముక్క వారిది. ఒకడు తీగలు చెక్కితే, మరొకడు అక్షరాలు చెక్కుతాడు. ఇంకొకడు కమాను వంపు దిద్దుతాడు. ముక్కలు పెట్టెల్లోకి ఎక్కి ఏ దేశానికో పోతాయి. లక్ష్మీరాజం చేతికి వచ్చినది అంచు తీగ. ఏళ్ల తరబడి ఆ తీగే అతని చేతి కింద పాకింది. అది ఎక్కిన గోడను అతడు చూడలేదు.

మొదలు నుంచి చివరి దాకా తానే చెక్కినది, నిలబెట్టి, దూరం నుంచి ఒక్కసారి చూడాలి. ఈ కోరికతోనే తిరిగి వచ్చి కొట్టం వేశాడు. అతని భార్య రేణుక బీడీలు చుడుతుంది. ఆమెకు మెహరాబుల గొడవ పెద్దగా పట్టదు గాని, భర్త మళ్లీ విమానం ఎక్కకూడదన్న పట్టుదల మాత్రం ఉంది. షార్జా నుంచి పాత ఫోర్‌మన్ అప్పుడప్పుడు ఫోన్ చేస్తూనే ఉన్నాడు. వీసా తయారుగా ఉందట, ఔనో కాదో చెప్పాలట.

కొట్టం వేసిన కొత్తలో సమాధుల మీది పేరు పలకలు, ఇళ్ల ముందరి గడపలు, వంటగది బండలు, ఇవే పని. అసలైన పని సిరిసిల్ల నుంచి వచ్చింది. అక్కడ నేత కార్మికుల వాడలో కొత్త మసీదు లేచింది. దాని కమిటీకి సదర్, అంటే అధ్యక్షుడు, జహీరొద్దీన్ సాబ్. ఆయనకు సొంతంగా సాంచాలు ఉన్నాయి. మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచా అంటారు. ఆ వాడలో నడిస్తే గోడలు కూడా వాటితో పాటు కొట్టుకుంటున్నట్లు ఉంటుంది. సదర్ సాబ్ నిదానస్థుడు. ముందు మింబరు చెక్కమన్నాడు. అది పదిమందికీ నచ్చితే మెహరాబు పని కూడా లక్ష్మీరాజానిదే. నచ్చకపోతే రెండూ హైదరాబాదు నుంచి, యంత్రం మీద కోసినవి, తయారుగా వస్తాయి.

అంటే ఆ మింబరు మీదే అంతా ఆధారపడి ఉంది. ఆ సంగతి లక్ష్మీరాజానికి తెలుసు, రేణుకకు ఇంకా బాగా తెలుసు.

మింబరు రెండు పక్కల పలకల మీద ఖర్జూరపు చెట్టు ఉండాలని సదర్ సాబ్ కోరాడు. మసీదులో ప్రాణుల బొమ్మలు కూడవు గాని చెట్టుకు అభ్యంతరం లేదు. పైగా దానికి ఒక కారణం ఉంది. మింబర్లు లేని తొలినాళ్లలో ప్రవక్త ఒక ఖర్జూరపు మొద్దుకు ఆనుకొని ప్రసంగించేవారని, తరువాత మింబరు చేయించినప్పుడు తనను విడిచిపెట్టారని ఆ మొద్దు ఏడ్చిందని వాళ్లు చెప్పుకుంటారు. ఈ కథ చెప్పేటప్పుడు సదర్ సాబ్ గొంతు కొంచెం తగ్గింది. ఎండిన మొద్దు ఏడవడం అన్న ఊహ నన్ను ఆ రోజంతా వెంటాడింది. బదిలీ అయిన ప్రతిసారీ పాత బడిలో నా కుర్చీ ఏమనుకొని ఉంటుందో అని కూడా ఆలోచించాను. కుర్చీ టేకుది. టేకు అంత సున్నితమైనది కాదనుకుంటాను.

“చెట్టు ఫోటో పంపాల్నా?” అని సదర్ సాబ్ అడిగితే లక్ష్మీరాజం నవ్వాడు.

“ఈతచెట్ల నడుమ పుట్టినోన్ని సాబ్. ఖర్జూరం, ఈత ఒక్క తీర్గనే ఉంటయి. కండ్లు మూసుకొని చెక్కుత.”

రాజస్థాన్ నుంచి లారీలో పలకలు వచ్చాయి. ఒక్కొక్క పలకనూ పాత టైర్ల మీద పరిచి, చిన్న సుత్తెతో నాలుగు మూలలా తట్టి చెవి దగ్గర పెట్టి విన్నాడు. లోపల పగులు ఉంటే చప్పుడు మొద్దుగా వస్తుందట. పద్యం చదువుతుంటే గణం తప్పిన చోట నా చెవికి అలాగే తెలిసేది. అర్థం దాకా పోనక్కరలేదు. తరువాత కాగితం మీద బొమ్మ గీసి, గీత వెంబడి సూదితో పొడిచి, కాగితాన్ని రాతి మీద పరిచి బొగ్గుపొడి గుడ్డతో అద్దాడు. కాగితం తీస్తే తెల్లని రాతి మీద నల్లని చుక్కల చెట్టు. దాని మీద ఉలి నడిచింది. బొటనవేలు మందాన కాండం పైకి లేచింది, మట్టలు విచ్చుకున్నాయి, గెలలు వేలాడాయి. నేను వెళ్లినప్పుడల్లా చూసి మెచ్చుకునేవాణ్ణి. కాండం పొడవునా ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క, మెట్లు మెట్లుగా దిగిన నొక్కులు నాకు మరీ నచ్చాయి. చెట్టుకు ఒక లయ వచ్చిందనిపించింది.

రెండు పలకలూ పూర్తయిన రోజున సదర్ సాబ్ చూడటానికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. ఆయన పలకల ముందు నిలబడి రెండింటినీ పోల్చి చూశాడు. తరువాత “మాషా అల్లా” అని, గెలల మీద చేయి వేసి చూసుకున్నాడు. వచ్చే శుక్రవారమే కొత్త మసీదులో తొలి నమాజు. లక్ష్మీరాజం తల వంచుకొని ఉలి మొన తుడుస్తున్నాడు గాని, అతని చెవులు రెండూ సదర్ సాబ్ వైపే ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే, రెండు పక్కలా కల్లు లొట్లు కట్టిన మోపెడ్ మీద దశరథం వచ్చాడు. ఇతడు లక్ష్మీరాజానికి చిన్నాయన, తండ్రి తమ్ముడు; రాయికల్ దగ్గర ఇప్పటికీ చెట్లెక్కుతున్నాడు. మోపెడ్‌ను వేపచెట్టు కింద నిలిపి, లోపలికి వచ్చి, నడుము మీద చేతులు పెట్టుకొని పలకను చూశాడు. అతని ముఖం వెలిగింది.

“అబ్బ, ఏం జెక్కినవ్ రా కొడుకా. అచ్చం మన వాగొడ్డు చెట్టే. కోత పడ్డ చెట్టు గిట్లనే ఉంటది. ఒక ఏడు గీ పక్క, మల్లొక ఏడు గా పక్క. ఇగ లొట్టి కట్టుడొక్కటే మర్శినవ్.”

సదర్ సాబ్ కళ్లద్దాలు తీసి, కుర్తా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకొని కాండం దగ్గరికి వంగాడు.

“గివి కోతలా?”

“కోతలే సాబ్. లేకుంటే కల్లు ఏడికెల్లి కారుతది?”

“నేను సొగసుకు పెట్టిండనుకున్న.”

లక్ష్మీరాజం పలకను ఇంతకుముందెన్నడూ చూడనివాడిలా చూశాడు. “సాబ్, చెట్టంటే గట్లనే ఉంటదనుకున్న,” అన్నాడు మెల్లగా. “చిన్నప్పటిసంది నేను చూసినయన్ని గట్లనే ఉన్నయి.”

అందులో అబద్ధం లేదు. కల్లు గీసే ఇంట్లో పుట్టినవాడికి గాట్లు లేని ఈతచెట్టు ఎక్కడ ఎదురవుతుంది? మనిషికి మోకాళ్లు ఉన్నట్లే చెట్టుకు గాట్లు ఉంటాయని అతని చెయ్యి నమ్మింది. అయినా, మద్యం నిషిద్ధమైన మతంలో, ఇమాం కూర్చొని మంచి మాటలు చెప్పే పీఠానికి, రెండు పక్కలా, కల్లు గీసిన చెట్లు నిలబడ్డాయన్నది కూడా అబద్ధం కాదు.

“దశరథం, నువ్వు జెప్పకుంటె నాకు తెల్వకపోవు,” అన్నాడు సదర్ సాబ్. ఆయన గొంతులో కోపం లేదు. “తెలిసినంక ఇమాం సాబ్‌ను దీని మీద కూసోమని ఎట్ల జెప్పాలె? సిరిసిల్లల కల్లు తెల్వనోడు ఎవడున్నడు? జుమ్మా నాడు ఒక్కడు నవ్వితే సాలు.”

“నేను మంచిగున్నదనే అంటి గద సాబ్,” అన్నాడు దశరథం.

చాయ్ తెచ్చిన రేణుక పళ్లెం కింద పెడుతూ, “నువ్వు మంచిగున్నదన్నవు గాబట్టే మునిగింది మామా,” అంది.

సదర్ సాబ్ చాయ్ తాగాడు. మర్యాద తప్పే మనిషి కాదు. హైదరాబాదువాళ్లకు ఒక్క ఫోన్ చేస్తే యంత్రపు మింబరును లారీలో వేస్తారని చెప్పాడు. గురువారం దాకా ఆగమని, అప్పటికీ నచ్చకపోతే ఆ ఫోన్ చేయమని లక్ష్మీరాజం బతిమాలాడు. ఆయన లేచి, గుమ్మం దగ్గర ఆగి, “మా దగ్గర గుడ్డల ఒక్క తాన పోగు తప్పితె చెడ్డ గుడ్డంటరు,” అన్నాడు. “నిండ గట్లనే పడితె, గది డిజైను. గుడ్డకైతె నడుస్తది. రాయికి ఏం జేస్తవో నాకు తెల్వది.”

ఆయన కారు వెళ్లిపోయాక రేణుక బీడీల చాట ముందు కూర్చుంది. “షార్జాకు పెట్టె సదరాల్నా?” అని అడిగింది. లక్ష్మీరాజం వెళ్లి పలక ముందు కూర్చున్నాడు. “లేకుంటే మీ చిన్నాయినకే ఇయ్యి. కల్లు దుకాణం ముంగట పెట్టుకుంటడు. ఆడ మంచిగ నడుస్తది.” అప్పుడు అతడు నవ్వాడు. చాలాసేపు పలక మీది గాటులో వేలు పెట్టుకొనే కూర్చున్నాడు. గాటు లోపలికి చెక్కినది. పాలరాతిలో తీసినదాన్ని మళ్లీ పెట్టడానికి లేదు.

“సార్, ఖర్జూరం నిజంగ ఎట్లుంటది?” అన్నాడు ఉన్నట్టుండి. “షార్జాల అన్ని ఏండ్లున్న. క్యాంపు నుంచి కార్ఖానకు పోయేటప్పుడు బస్సు అద్దంలకెల్లి చూసుడే. ఒక్కనాడు ముట్టలే.”

జగిత్యాల దాటి ధర్మపురి వెళ్లే తోవలో ఒక ఫంక్షన్ హాలు ఉంది. దాని ముందు, ఎక్కడి నుంచో వేళ్లతో తెచ్చి నాటిన ఖర్జూరపు చెట్లు వరుసగా ఉంటాయి. పెళ్లికి వెళ్లినప్పుడు చూశాను. ఆ సంగతి చెప్పాను. మరునాడు ఉదయం లక్ష్మీరాజం తన బండి మీద నన్ను ఎక్కించుకున్నాడు. దశరథం మోపెడ్ మీద వెనుకనే వచ్చాడు. చేసిన పనికి అతనికీ లోపల గుచ్చుతూనే ఉందనుకుంటాను, పైకి చెప్పలేదు.

మేము ముగ్గురం చెట్టు చుట్టూ చేరి కాండాన్ని తడుముతుంటే వాచ్‌మన్ వచ్చాడు.

“ఏందయ్యా, చెట్టును పిసుకుతున్నరు?”

“నాడి చూస్తున్నం,” అన్నాడు దశరథం.

“పెండ్లి బుకింగుకు వచ్చిండ్రనుకున్న.”

“పిల్ల కుదిరింది. చెట్టే కుదుర్తలేదు.”

వాచ్‌మన్ నా తెల్ల చొక్కా చూసి, పెద్దమనిషి వెంట ఉన్నాడు కదా అని ఊరుకున్నాడు. దశరథం కాండానికి చెంప ఆనించి పైకి చూశాడు. అలా చూడటం అతని వృత్తి. తరువాత అన్నకొడుకు చెయ్యి పట్టుకొని, కొట్టేసిన మట్టల మొదళ్ల మీద ఒక్కొక్కదాని మీదా పెట్టించాడు.

“చూడు. మట్ట కొట్టేసినా దాని మొదలు ఇడిసిపోలే. గీ రెండింటి నడుమల గది కూసున్నది. గా రెండింటి నడుమల ఇంకొకటి. కింది నుంచి మీది దాంక గదే లెక్క. మన ఈత సుత ముట్టకముందు గిట్లనే ఉంటది రా. మనమే చెక్కి చెక్కి నున్నగ జేస్తం.”

లక్ష్మీరాజం ఆ మొదళ్ల మధ్యనున్న సందుల్లో వేలు పెట్టి చూశాడు. నిన్న గాటులో పెట్టినట్లే పెట్టాడు. తరువాత నా చంకలో ఉన్న దినపత్రికను అడిగి, కాండానికి చుట్టి, జేబులోని బొగ్గుముక్కతో రుద్దాడు. అక్షరాల మీద చెట్టు అచ్చుపడింది. ఆ రోజు సంపాదకీయం నేను చదవలేకపోయాను. అందులో వాక్యనిర్మాణం ఎలాగూ బాగుండదు.

అతనికి తోచిన ఉపాయం ఇది. గాటును పూడ్చలేడు; గాటునే మట్టల మొదళ్ల నడిమి సందుగా మార్చాలి. ఉన్న గాట్లకు జతగా కాండం నిండా అలాంటి సందులే తీసి, వాటి మధ్య మిగిలిన రాతిని మట్ట మొదళ్లుగా దిద్దాలి. అప్పుడు గాటు ఒక్కటే ఉండదు, నిండా ఉంటుంది. అయితే దానికి కాండాన్ని ఇంకా లోతుగా చెక్కాలి, పలక అంత మందం లేదు. ఒక్క దెబ్బ ఎక్కువైతే వెనుక దాకా చీలుతుంది.

అతడు పెద్ద ఉలి పక్కన పెట్టి చిన్నది తీసుకున్నాడు. నాలుగు దెబ్బలకొకసారి ఆగి, సుత్తె వెనుకతో తట్టి, విని, మళ్లీ కొట్టేవాడు. మొదటి పలక క్షేమంగా ముగిసింది. రెండవ పలకలో, కాండం మొదట్లో, బూడిదరంగు నరం ఒకటి అడ్డంగా ఉంది. దాని దగ్గరికి వచ్చేసరికి తట్టిన చప్పుడు మారింది. నాకు కూడా తెలిసింది. లక్ష్మీరాజం ఉలి ఎత్తేశాడు.

రేణుక చాట ముందు నుంచి లేచి వచ్చి నిలబడింది.

“ఆడ ఇడిసెయ్,” అన్నాడు దశరథం. “ముసలి చెట్టు మొదట్ల అరిగే ఉంటది. మేకలు రాసుకుంటయి, మనుషులు ఆనుకుంటరు. గిన్ని మొదళ్లు ఎవలు లెక్కవెడ్తరు?”

ఆ మాటకు లక్ష్మీరాజం ఉలి వదిలి సానరాయి తీసుకున్నాడు. నరం ఉన్న చోట చెక్కలేదు. నీళ్లు చల్లుతూ రుద్ది, మొదళ్లను అరిగినట్లు చేసి వదిలాడు. మనుషులు ఆనుకుంటారన్న మాట విన్నప్పుడు నాకు ఆ ఏడ్చిన మొద్దు గుర్తుకు వచ్చింది. దశరథానికి ఆ కథ తెలియదు.

గురువారం సదర్ సాబ్ వచ్చాడు. ఈసారి చూడలేదు, కళ్లు సగం మూసి, గుడ్డ నాణ్యం చూసినట్లు, వేళ్లను పలక మీద అడ్డంగా, నిలువుగా నడిపించాడు. అరిగిన చోట వేళ్లు కాస్త ఆగాయి. ఆయన వెనక్కు తిరిగి, వేపచెట్టు కింద బీడీ కాలుస్తున్న దశరథాన్ని పిలిచాడు.

“దశరథం, నువ్వే జెప్పు. దీనికి కల్లు పారుతదా?”

దశరథం బీడీ ఆర్పి వచ్చాడు. పలక చుట్టూ తిరిగాడు. కూర్చొని కింద నుంచి చూశాడు. ఎక్కడైనా కత్తి పెట్టడానికి చోటు ఉందా అని నిజంగానే వెతికినట్లు ఉంది.

“పారది సాబ్. గీ చెట్టు మాకు పనికి రాదు.”

“అయితే మాకు పనికొస్తది,” అన్నాడు సదర్ సాబ్. “డీసీఎం బండి పిలువు లక్ష్మీరాజం.”

మింబరు ముక్కలను గడ్డిలో సర్ది, వేములవాడ మీదుగా ఆ సాయంత్రమే సిరిసిల్ల చేర్చి నిలబెట్టారు. మరునాడు మమ్మల్ని కూడా రమ్మన్నారు. శుక్రవారం కావడంతో ఆ వాడలో సాంచాలు ఆగి ఉన్నాయి. అంత నిశ్శబ్దంలో నేను సిరిసిల్లను ఎన్నడూ వినలేదు. నేనూ లక్ష్మీరాజమూ బయటి వరండాలో కూర్చున్నాం. తలుపులోంచి చూస్తే, ఇమాం మూడు మెట్ల పీఠం ఎక్కి కూర్చోవడం కనిపించింది. ఆయన ప్రసంగం నాకు సగమే అర్థమైంది. వాక్యాలు మాత్రం చక్కగా ముగుస్తున్నాయి. ఎవరూ నవ్వలేదు. నమాజు తరువాత ఒక ముసలాయన లేస్తూ లేస్తూ ఆసరా కోసం మింబరు పక్కన చెయ్యి వేశాడు. ఆ చెయ్యి సరిగ్గా ఆ అరిగిన చోటనే పడింది.

అందరూ వెళ్లిపోయాక సదర్ సాబ్ మెహరాబు కొలతలకు లోపలికి రమ్మని పిలిచాడు. కాళ్లు కడుక్కొని వెళ్లాం. లక్ష్మీరాజం మింబరు దగ్గరికి వెళ్లలేదు. దానికి ఎదురుగా నిలబడి, వెనక్కు వెనక్కు నడిచి, తలుపు వీపుకు తగిలే దాకా వెళ్లి ఆగాడు. అక్కడి నుంచి చూశాడు. అతని జేబులో ఫోన్ మోగింది. తీసి చూసి, “మా ఫోర్‌మన్,” అని చెప్పి, చెవి దగ్గర పెట్టుకొని హిందీలో రెండు ముక్కలు మాట్లాడాడు. ఇక్కడ పని ఉందని, రాలేనని నాకు అర్థమైంది.

మింబరుకు ఎడమగా, పడమటి గోడలో, సిమెంటు పూసిన గూడు ఖాళీగా ఉంది. లక్ష్మీరాజం దాని ముందుకు వెళ్లి, జేబులోంచి నూలుదారపు ఉండ తీశాడు.

“సార్, గీ కొస జర పట్టుకోరాదుండ్రి. వంపు కొలవాలె.”

నేను గూడు అంచుకు దారపు కొస నొక్కి పట్టుకొని నిలబడ్డాను.